కాలిన గాయం, రాసిన శాతం

కాలిన గాయాలతో ఒక స్త్రీని ఆసుపత్రికి తెచ్చినప్పుడు వార్డు బయట అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘ఎంత శాతం?’ బంధువులు అడుగుతారు, విలేకరి అడుగుతాడు, ఔట్‌పోస్టు కానిస్టేబులు అడుగుతాడు. డ్యూటీలో ఉన్న డాక్టరు కేసు షీటులో ఒక అంకె వేస్తారు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ అంకె. ఆమెకు ఎక్కించే సెలైను లెక్క ఆ అంకెతోనే మొదలవుతుంది. ఆమె చనిపోతే, మరణ వాంగ్మూలం ఇవ్వగల స్థితిలో ఉండిందా లేదా అని కోర్టులో జరిగే వాదన ఆ అంకె చుట్టూ తిరుగుతుంది. బతికితే, నష్టపరిహారం ఎంత అన్నది కూడా దాని మీదే ఆధారపడుతుంది. ఇన్ని పనులు చేసే ఆ అంకెను ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏ పద్ధతిలో వేశారు అని మనలో ఎంతమందిమి అడుగుతున్నాం?

కాలిన గాయాన్ని అంచనా వేయడం డాక్టర్ల పని, దాని జోలికి మనం పోనక్కరలేదు అనుకుంటూ వచ్చాం. అయితే స్త్రీల శరీరాల గురించిన జ్ఞానం వైద్యుల గదుల్లోనే ఉండిపోవడం ఎంత నష్టమో తెలుగు స్త్రీల ఉద్యమానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1991లో హైదరాబాదు నుంచి వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం పుట్టింది ఆ ఆలోచనలోంచే. గర్భం గురించి, కాన్పు గురించి మనం అలా చదువుకున్నాం. కాలిన చర్మం గురించి కూడా చదువుకోవలసిన అవసరం ఉంది. ఎందుకంటే మన దేశంలో స్త్రీల మీద జరిగే హింసకు నిప్పు ఒక పాత సాధనం.

వరంగల్‌లో పనిచేసే వాళ్ళకు ఇది దూరపు విషయం కాదు. 2008 డిసెంబర్ 10న కాలేజీ నుంచి స్కూటరు మీద ఇంటికి వస్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. నిందితులు ముగ్గురినీ డిసెంబర్ 13న పోలీసులు ‘ఎన్‌కౌంటర్’లో చంపేశారు. పోలీసు అధికారులకు పూలదండలు వేశారు, మిఠాయిలు పంచారు. గాయపడిన ఇద్దరిలో ఒకరు ఆ నెలాఖరున హైదరాబాదు ఆసుపత్రిలో చనిపోయారు. దండలు వేసిన రోజున ఆమె ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఆ కేసులో విచారణ లేదు కాబట్టి ఆ అమ్మాయిల గాయాల సర్టిఫికెట్లను ఏ కోర్టూ చదవలేదు. యాసిడ్ ఎక్కడ దొరికింది, మొదటి గంటలో ఏ చికిత్స అందింది, ఏది అందలేదు అన్న ప్రశ్నలు సాక్షుల బోనులో ఎవరి ముందుకూ రాలేదు. నిందితులతో పాటు ఆ ప్రశ్నలనూ పూడ్చిపెట్టేశాం.

పదేళ్ళ తర్వాత, 2019 ఫిబ్రవరి 27న, హన్మకొండలో ఒక డిగ్రీ విద్యార్థినిని పెట్రోలు పోసి తగలబెట్టారు. తోటి విద్యార్థి మీద కేసు పెట్టారు. ఆమెను హైదరాబాదుకు తరలించారు. మార్చి 4న ఆమె చనిపోయింది. ఆ రోజుల్లో కూడా పత్రికల్లో మళ్ళీ శాతాలే చదివాం.

ఇవి వీధిలో జరిగినవి కాబట్టి రాష్ట్రమంతా తెలిశాయి. ఇంటి గోడల మధ్య జరిగేవి ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2009లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రగ్యా సంఘవి, కవి భల్లా, వీణాదాస్ ఒక అధ్యయనం ప్రచురించారు. 2001వ సంవత్సరంలో మన దేశంలో నిప్పు వల్ల చనిపోయిన వాళ్ళు 1,63,000 మందికి పైగా ఉంటారనీ, అందులో 1,06,000 మంది స్త్రీలనీ, వాళ్ళలో ఎక్కువమంది 15-34 సంవత్సరాల మధ్య వాళ్ళనీ వాళ్ళు అంచనా కట్టారు. పోలీసు లెక్కలకు ఇది దాదాపు ఆరు రెట్లు. వంటగది ప్రమాదాలే కారణమైతే అంత పడుచువయసులోనే ఇంతమంది ఎందుకు పోవాలి? ఏళ్ళ తరబడి వంట చేసిన అత్తలకు పేలని స్టవ్ కొత్తకోడళ్ళకే ఎందుకు పేలుతుంది అని 1980లలో స్త్రీల సంఘాలు వేసిన ప్రశ్నకు ఈ లెక్కలు బలం చేకూర్చాయి. చాలా ఇళ్ళల్లోకి ఇప్పుడు గ్యాసు వచ్చింది, కిరోసిన్ డబ్బా స్థానంలో పెట్రోలు సీసా వచ్చింది. ‘స్టవ్ పేలింది’ అనే మాట ‘గ్యాసు లీకైంది’గా, ‘తనే పోసుకుంది’గా మారింది. 2022లో దేశంలో 6,450 వరకట్న మరణాల కేసులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వీటిలో అన్నీ కాల్పులు కావు. కానీ చట్టంలోని వరకట్న మరణం నిర్వచనం ‘కాలిన గాయాల వల్ల’ అనే మాటతో మొదలవుతుందంటే ఈ సంబంధం ఎంత పాతదో తెలుస్తుంది.

ఇక చర్మం సంగతికి వద్దాం.

పెద్దవాళ్ళలో చర్మం మొత్తం పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. ఒంట్లో నీరు బయటికి పోకుండా, బయటి సూక్ష్మక్రిములు లోపలికి రాకుండా, ఒంటి వేడి చల్లారిపోకుండా కాపాడేది అదే. పైన ఉండేది బాహ్యచర్మం. కనురెప్ప మీద అది ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే, అరచేతిలో, అరికాలిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దానిలో రక్తనాళాలుండవు. రంగునిచ్చే కణాలు దాని అట్టడుగు వరసలో ఉంటాయి. దాని కింద ఉండేది అంతశ్చర్మం. రక్తనాళాలు, చాలా నరాల కొసలు, వెంట్రుకల కుదుళ్ళు, చెమట గ్రంథులు ఉండేది ఇక్కడే. దాని కింద కొవ్వు పొర, ఆ కింద కండ, ఎముక.

కాలిన గాయం లోతు అంటే మంట ఈ పొరల్లో ఎంతవరకు దిగిందన్నమాట. బాహ్యచర్మం వరకే అయితే ఎర్రబడుతుంది, మండుతుంది, వారంలో మానిపోతుంది. దీన్ని శాతం లెక్కలో కలపకూడదు. అంతశ్చర్మం పైభాగం కాలితే బొబ్బలు వస్తాయి, బొబ్బ కింద చర్మం గులాబీ రంగులో తడిగా ఉంటుంది, తాకితే భరించలేని నొప్పి. రెండు మూడు వారాల్లో మానుతుంది. ఎలా మానుతుందంటే, వెంట్రుకల కుదుళ్ళ చుట్టూ, చెమట గ్రంథుల చుట్టూ మిగిలిన కణాలు పైకి పాకి కొత్త చర్మాన్ని అల్లుకుంటాయి. అంతశ్చర్మం లోతుగా కాలితే ఆ కుదుళ్ళు కొన్నే మిగులుతాయి. రంగు పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉంటుంది, స్పర్శ తగ్గుతుంది, మూడు వారాలు దాటినా మానదు, మానినా గట్టిపడి బిగిసిపోతుంది. చర్మం మొత్తం మందాన కాలితే కుదుళ్ళూ లేవు, నరాలూ లేవు. తెల్లగా మైనంలాగానో, గోధుమరంగులో తోలులాగానో, బొగ్గులాగానో ఉంటుంది. సూదితో గుచ్చినా నొప్పి తెలియదు. ఒంట్లో మరోచోటి నుంచి చర్మం తీసి అతికితే తప్ప, చిన్న గాయాలు మినహా, అది మానదు.

ఇందులో రెండు విషయాలు మనం ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, నొప్పి లేకపోవడం మంచి లక్షణం కాదు. ‘బాగానే మాట్లాడుతోంది, నొప్పి కూడా లేదంటోంది, ఏం ఫరవాలేదు’ అని బంధువులు ఊరటపడే సమయానికి చర్మంలో నరాలు కాలిపోయి ఉండవచ్చు. రెండు, వైద్య పుస్తకాల్లో గాయం ‘ఎర్రగా’ ఉంటుందని రాసింది తెల్లవాళ్ళ చర్మాన్ని చూసి. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు తేలిగ్గా కనిపించదు. రంగును బట్టి కాక, వేలితో నొక్కి వదిలితే రక్తం తిరిగి వస్తోందా, సూది మొన తెలుస్తోందా, వెంట్రుక లాగితే ఊడి వస్తోందా అని పరీక్షించి చూడాలి. అనుభవమున్న సర్జన్లు కూడా కంటిచూపుతో లోతును సరిగ్గా చెప్పగలిగేది 60 నుంచి 75 శాతం సందర్భాల్లోనే అని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటుంది. పైగా గాయం నిలకడగా ఉండదు. 1953లో డగ్లస్ జాక్సన్ అనే బ్రిటిష్ సర్జన్ చూపించినట్టు, పూర్తిగా చచ్చిపోయిన భాగం చుట్టూ చావుబతుకుల మధ్య ఊగిసలాడే భాగం ఒకటుంటుంది. రక్తప్రసరణ అందితే అది బతుకుతుంది, అందకపోతే రెండు మూడు రోజుల్లో అదీ చస్తుంది. కాబట్టి మొదటి రోజు రాసిన లోతు చివరి మాట కాదు. 48 నుంచి 72 గంటల తర్వాత మళ్ళీ చూసి, మళ్ళీ రాయాలి.

శాతం అనేది లోతు చెప్పదు. అది విస్తీర్ణం చెబుతుంది, అంతే. మొత్తం చర్మంలో ఎంత భాగం కాలిందన్న లెక్క అది. అత్యవసరంగా చూసేటప్పుడు వాడే ‘తొమ్మిదుల సూత్రం’ 1951లో వాలెస్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చింది. తల మెడ కలిపి 9, ఒక్కో చెయ్యి 9, ఛాతీ పొట్ట కలిసిన ముందుభాగం 18, వీపు వైపు 18, ఒక్కో కాలు 18, జననాంగాల భాగం 1. అన్నీ కలిపితే నూరు. చెదురుమదురు గాయాలకు రోగి అరచేతిని వేళ్ళతో సహా ఒక శాతంగా లెక్క కడతారు. అది డాక్టరు అరచెయ్యి కాదు, రోగిది. ఇంతకంటే నికరమైనది లండ్, బ్రౌడర్ అనే ఇద్దరు డాక్టర్లు 1944లో తయారుచేసిన పటం. 1942లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలో కాలిన వాళ్ళకు చికిత్స చేసిన అనుభవం ఆ పటం వెనక ఉంది. శరీరం బొమ్మ మీద కాలిన చోట్లు గీసి, వయసును బట్టి మారే పట్టికతో లెక్క వేస్తారు. పిల్లల్లో తల పెద్దది, కాళ్ళు చిన్నవి కాబట్టి పెద్దవాళ్ళ తొమ్మిదులు వాళ్ళకు సరిపోవు. నిండు గర్భిణికీ ఆ తొమ్మిదులు యథాతథంగా సరిపోవు, ఆమె పొట్ట విస్తీర్ణం పెరిగి ఉంటుంది. మనకు అతి సాధారణంగా ఎదురయ్యే బాధితురాలు పెళ్ళయిన తొలి సంవత్సరాల్లోని యువతి అని గుర్తుంచుకుంటే ఇది చిన్న విషయం కాదని అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ అంకె చేసే మొదటి పని చూద్దాం. అది ఆమె ప్రాణానికి సంబంధించింది. చర్మం కాలితే రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి రక్తం చిక్కబడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే మొదటి 24 గంటల్లో సెలైను వంటి ద్రవాలు ఎక్కించాలి. ఎంత ఎక్కించాలో చెప్పే ప్రసిద్ధమైన లెక్క ఒకటుంది. బరువును కాలిన శాతంతో, ఆపైన నాలుగుతో గుణిస్తే వచ్చినన్ని మిల్లీలీటర్లు. యాభై కిలోల మనిషి 40 శాతం కాలితే 8 లీటర్లు. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో పోవాలి. ఆ ఎనిమిది గంటలు ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎం.జి.ఎం.కు దాదాపు నూరు కిలోమీటర్లు. దారిలోనే మూడు గంటలు గడిస్తే ఆ నాలుగు లీటర్లను మిగిలిన ఐదు గంటల్లో ఎక్కించాలి. 40 శాతాన్ని 20 అని రాస్తే ఆమెకు అందేది సగమే. ఎర్రబడిన చోట్లన్నీ కలిపి 60 అని రాస్తే నీరు ఎక్కువై ఊపిరితిత్తులు ఉబ్బిపోతాయి. మూత్రం ఎంత వస్తోందో చూస్తూ ఈ లెక్కను గంట గంటకూ సవరించుకోవాలని డాక్టర్లకు తెలుసు. కానీ కాలిన సమయం ఎంత అన్నది డాక్టరుకు చెప్పవలసింది వెంట వచ్చిన వాళ్ళే. వాళ్ళు అత్తింటి వాళ్ళయితే, ఇంట్లో గడిచిన గంటలను దాచవలసిన అవసరం వాళ్ళకుంటే, ఆ అబద్ధం కేసునే కాదు ఆమె ఒంట్లోకి వెళ్ళే సెలైనును కూడా తప్పుదారి పట్టిస్తుంది.

రెండో పని ఆమె మాటకు సంబంధించింది. చనిపోయిన మనిషి తన మరణకారణం గురించి చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని పాత సాక్ష్య చట్టంలోని 32వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 26వ సెక్షన్. నాలుగు గోడల మధ్య కాలిన స్త్రీకి తరచు ఆ మాట ఒక్కటే సాక్ష్యం. ‘తొంభై శాతం కాలిన మనిషి స్పృహలో ఎలా ఉంటుంది, వాంగ్మూలం ఎలా ఇస్తుంది?’ అన్నది డిఫెన్సు లాయర్ల పాత ప్రశ్న. చర్మం నిర్మాణం తెలిస్తే దానికి జవాబుంది. కాలింది చర్మం, మెదడు కాదు. చర్మం ఎంత మేర పోయినా, షాకు, ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్ మెదడును కమ్మేదాకా మనిషి స్పష్టంగా ఆలోచించగలదు, మాట్లాడగలదు. 1992లో గుజరాత్ కేసు ఒకదానిలో 99 శాతం కాలిన స్త్రీ మాట్లాడగల స్థితిలో ఉందని పరీక్షించిన డాక్టరు చెప్పినప్పుడు, దాన్ని కాదని కోర్టు తన సొంత అభిప్రాయాన్ని పెట్టకూడదని సుప్రీంకోర్టు అంది.

అయినా ఈ దారి తిన్నగా సాగలేదు. 1999లో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసులో 90 శాతం కాలిన స్త్రీ వాంగ్మూలం మీద డాక్టరు ‘రోగి స్పృహలో ఉంది’ అని రాశారు. స్పృహలో ఉండటం వేరు, మానసికంగా వాంగ్మూలం ఇవ్వగల స్థితిలో ఉండటం వేరు అని, ఆ రెండో మాట రాయలేదు కాబట్టి మేజిస్ట్రేటు నమోదు చేసిన వాంగ్మూలాన్ని నమ్మలేమని కోర్టు అంది. శిక్ష రద్దయింది. 2002లో లక్ష్మణ్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైంది కాదని చెప్పి, మేజిస్ట్రేటు సంతృప్తి చెందితే డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదని తేల్చింది. ఆ తేలడానికి పట్టిన మూడేళ్ళలో కింది కోర్టుల్లో ఎన్ని వాంగ్మూలాల మీద ఈ అభ్యంతరం లేచి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒక్క వాక్యం ఎక్కువ రాసి ఉంటే ఆ వాదనే పుట్టేది కాదు.

బొటనవేలి ముద్ర సంగతి మరొకటి. 1998లో పంజాబ్ కేసులో వాంగ్మూలం మీది వేలిముద్రలో గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఒళ్ళంతా కాలిన మనిషి వేలి గీతలు అలా ఎలా ఉంటాయన్న అనుమానం నిందితులకు లాభించింది. వేలి గీతల అచ్చు ఉండేది బాహ్యచర్మం, అంతశ్చర్మం కలిసే చోట. అక్కడిదాకా లోతుగా కాలితేనే అవి శాశ్వతంగా పోతాయి. అరచేతి చర్మం మందంగా ఉంటుంది. మంటల్లో మనిషి పిడికిలి బిగిస్తే లోపలి భాగం కాలకుండా మిగలవచ్చు. ఆ కేసులో నిజమేమిటన్నది మన చర్చ కాదు. కానీ ఎవరైనా కేసు షీటులో ‘నూరు శాతం’ అని గుండుగుత్తగా రాసినప్పుడు, అరచేతులు కాలలేదన్న సంగతి ఆ అంకెలో మాయమైపోతుంది. శరీరం బొమ్మ గీసి, ఏ వేలు కాలిందో ఏది కాలలేదో గుర్తు పెడితే ఈ అనుమానానికి చోటుండదు. అలాగే నొప్పి తగ్గించే మత్తు ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చారు, వాంగ్మూలం ఎన్ని గంటలకు తీసుకున్నారు అన్న రెండు సమయాలు కూడా కాగితం మీద ఉండాలి. పొగ పీల్చిన వాళ్ళకు గొంతు బొంగురుపోతుంది, కొన్ని గంటల్లో శ్వాసనాళం వాచి ట్యూబు వేయవలసి వస్తుంది, ఆ తర్వాత మాట ఉండదు. ప్రాణం కాపాడటం ముందు, అందులో సందేహం లేదు. అందుకే మేజిస్ట్రేటును పిలిపించడం గంటల పని కాకూడదు.

కాలిన తీరు కూడా మాట్లాడుతుంది. చీర కుచ్చెళ్ళకు నిప్పంటుకుంటే మంట సాధారణంగా కింది నుంచి పైకి పాకుతుంది. నెత్తి మీద కిరోసినో పెట్రోలో పడితే జుట్టు, ముఖం, భుజాలు ఎక్కువ కాలతాయి. యాసిడ్ అయితే కారిన చారలుంటాయి, వెంట్రుకలు కమిలిన గుర్తులుండవు. ఇవేవీ వాటంతట అవే నేరాన్ని రుజువు చేయవు. అలా చేస్తాయని మనం వాదించనూ కూడదు. కానీ బొమ్మ లేకుండా ‘65 శాతం’ అని మాత్రమే రాస్తే ఈ ప్రశ్న వేయడానికే వీలుండదు. సగం కాలిన బట్టలను బంధువులు పారేస్తుంటారు. వాటిని గాలి చొరబడని డబ్బాలో భద్రం చేస్తేనే కిరోసిన్, పెట్రోలు జాడ ఆవిరైపోకుండా ఉంటుంది. మంటలు ఆర్పబోయానని చెప్పే భర్త చేతులను కూడా డాక్టరు పరీక్షించి రాయాలి.

మంచం పక్కన ఎవరుంటారన్నది ఇంకో ప్రశ్న. చాలాసార్లు మందులు కొనేది, అన్నం తినిపించేది, బిడ్డల్ని చూపించేది ఆ భర్తే. ‘ఎలా కాలింది’ అన్న గడిలో మొదట రాసేది అతను చెప్పిన మాట. తర్వాత ఆమె నిజం చెబితే ‘మొదట ప్రమాదమన్నది, పుట్టింటివాళ్ళు వచ్చాక మాట మార్చింది’ అంటారు. ఆ గడిలో చెప్పింది ఎవరో పేరు రాయడం, ఆమెను ఒంటరిగా అడగడం, ఈ రెండూ ఖర్చు లేని పనులు. ఆమె బతికితే ఆ వాంగ్మూలానికి మరణ వాంగ్మూలపు హోదా ఉండదు. ఆమె కోర్టుకు వచ్చి మళ్ళీ చెప్పాలి, తను ఏ ఇంటి మీద ఆధారపడి బతుకుతోందో ఆ ఇంటికి వ్యతిరేకంగా. చనిపోయిన స్త్రీ మాటకు చట్టం ఇచ్చిన విలువను బతికిన స్త్రీ ఇంత కష్టపడి సంపాదించుకోవలసి వస్తోంది.

మూడో పని ఆమె భవిష్యత్తుకు సంబంధించింది. 2018లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ తయారు చేసి, సుప్రీంకోర్టు ఆమోదించిన బాధిత స్త్రీల పరిహార పథకంలో యాసిడ్ దాడికే కాక కాలిన గాయాలకూ చోటుంది. ఇది చాలామంది కార్యకర్తలకు తెలియదు. ముఖం, రూపం చెడిన సందర్భానికి ప్రత్యేకంగా ఒక మెట్టు పెట్టారు. మిగతావి శాతం మెట్లు: 20కి లోపు, 50కి లోపు, 50కి పైన. ఇక్కడ మన కొత్తవాడలో తివాచీ నేసే స్త్రీనో, బీడీలు చుట్టే స్త్రీనో తీసుకోండి. రెండు అరచేతులు, చేతుల వెనక భాగం మొత్తం లోతుగా కాలినా విస్తీర్ణం ఐదు శాతానికి అటూ ఇటూ. వేళ్ళు బిగిసి ముడుచుకుపోతే ఆమె జీవనాధారం మొత్తం పోతుంది. శాతం పట్టికలో మాత్రం ఆమె అట్టడుగు మెట్టు మీదే. లోతునూ, ఏ అవయవమన్నదాన్నీ, దానితో ఆమె చేసే పనినీ లెక్కలోకి తీసుకోని కొలత శ్రమజీవులైన స్త్రీలకు అన్యాయం చేస్తుంది.

చట్టంలో మరో తేడా ఉంది. 2013లో శిక్షాస్మృతిలో చేరిన యాసిడ్ దాడి సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 124వది. కనీస శిక్ష పదేళ్ళు. లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013లో యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు, కనీసం మూడు లక్షల పరిహారం అంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ బాధితులను పేరుపెట్టి చేర్చింది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవి, విలువైనవి. కానీ 2008లో వరంగల్‌లో యాసిడ్‌తో కాలిన చర్మమూ, 2019లో హన్మకొండలో పెట్రోలుతో కాలిన చర్మమూ ఒకటే. మెడ ఛాతీకి అతుక్కుపోవడం, కనురెప్ప మూతపడకపోవడం, చంక బిగిసి చెయ్యి లేవకపోవడం, ఇవి రెండు చోట్లా ఒకటే. 124వ సెక్షన్ మాటలను జాగ్రత్తగా చదివితే యాసిడ్ పోయడంతో పాటు ‘మరే ఇతర సాధనంతోనైనా’ అనే మాటలు కూడా ఉన్నాయి. నిప్పుతో కాల్చిన కేసుల్లో ఈ మాటలను పట్టుకుని వాదించే పనిని మన లాయర్లు చేపట్టాలి. ఈ సెక్షన్ కింద బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ నిప్పుతో కాలిన భార్యకు అందాలంటే ఆ వాదన అవసరం.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. కాలిన ప్రతి స్త్రీ కేసు షీటులోనూ శరీరం బొమ్మతో ఉన్న పటం ఉండాలి, శాతంతో పాటు లోతు రాయాలి, మూడో రోజు తిరిగి రాయాలి. కాలిన సమయం, చేరిన సమయం, మత్తు ఇచ్చిన సమయం, వాంగ్మూలం సమయం నాలుగూ ఉండాలి. ‘స్పృహలో ఉంది’తో ఆగకుండా ‘వాంగ్మూలం ఇవ్వగల మానసిక స్థితిలో ఉంది’ అని వాంగ్మూలానికి ముందూ తర్వాతా రాయాలి. ఎవరు చెప్పగా రాశారో ఉండాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు ఈ అంచనా పద్ధతిలో శిక్షణ ఇవ్వాలి. ఎందుకంటే మొదటి అంకె పడేది అక్కడే. పరిధి పేరుతో పోలీసులు తిప్పితే, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు చట్టంలోనే ఉందని గుర్తు చేయాలి. గాయం మానిన తర్వాత వ్యాయామ చికిత్స, బిగుతు పట్టీలు, మళ్ళీ మళ్ళీ చేయవలసిన ఆపరేషన్లు చికిత్సలో భాగమని ప్రభుత్వం ఒప్పుకోవాలి. 2021లో ఉస్మానియా ఆసుపత్రిలో చర్మ బ్యాంకు ప్రారంభమైంది. కళ్ళలాగే చర్మాన్ని కూడా మరణానంతరం దానం చేయవచ్చన్న సంగతి మన సభల్లో చెప్పాలి.

మనం చేసుకోవలసినవీ ఉన్నాయి. కాలిన వెంటనే ఇరవై నిమిషాలపాటు కుళాయి నీళ్ళు పోయాలి. ఇంకు, పేడ, దోసెల పిండి, టూత్‌పేస్టు పూయకూడదు. యాసిడ్ అయితే ఇంకా ఎక్కువసేపు కడగాలి. సంఘం నుంచి ఇద్దరు కార్యకర్తలు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒకరు ఆమె దగ్గర, ఒకరు కాగితాల దగ్గర ఉండాలి. సఖి కేంద్రం ద్వారానో, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు నేరుగానో మధ్యంతర పరిహారానికి దరఖాస్తు పెట్టాలి. గాయాల సర్టిఫికెట్ నకలు సంపాదించి చదవాలి, చదివి అర్థం కాని చోట డాక్టరును అడగాలి.

డాక్టర్లను శత్రువులుగా చూడమని కాదు. ఒక్క రాత్రి డ్యూటీలో పదుల కొద్దీ రోగులను చూసే జూనియర్ డాక్టరుకు పటం నింపే తీరిక, అచ్చేసిన ఫారం, నేర్పే సీనియరు లేకపోవడం ఆమె తప్పు కాదు, ప్రభుత్వ వైద్యాన్ని ఎండగట్టిన విధానాల తప్పు. ఆ ఫారం కోసం, ఆ సిబ్బంది కోసం ఆమెతో కలిసి అడగవలసిన వాళ్ళం మనమే. వచ్చే మూడు నెలల్లో ప్రతి జిల్లా సంఘమూ తమ ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రిలో కాలిన గాయాల పటం వాడుతున్నారో లేదో కనుక్కుని మాకు రాయవలసిందిగా కోరుతున్నాం. వాడని చోట సూపరింటెండెంటుకు ఇవ్వవలసిన వినతిపత్రాన్ని కలిసి తయారు చేద్దాం.